సాల్మన్ పింక్ టరాంటులా ఆడదా, మగదా: కుబుసం చెప్పిన సంగతి

తిరుపతిలో మా ఇంట్లో పెరుగుతున్న సాల్మన్ పింక్ టరాంటులా అనే పెద్ద సాలీడు రోహిణి కార్తెలో మళ్లీ కుబుసం విడిచింది. కాళ్లు చాచితే ఇప్పుడు సుమారు 3 అంగుళాలు ఉంది కనుక, ఆడో మగో తేల్చడానికి ఈ కుబుసం సరిపోతుందని ముందే అనుకున్నాను. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతానికి చెందిన ఈ జాతిలో ఆడది పదేళ్లు దాటి బతుకుతుంది, మగది మాత్రం ఈడుకు వచ్చాక ఎక్కువ కాలం ఉండదు. ఎంతకాలం తోడుంటుందో తెలుసుకోవాలన్న ఆరాటమే ఈ పరిశీలనకు కారణం.

అంతకుముందు అది గాజు గోడ ఎక్కినప్పుడు పొట్ట అడుగుభాగాన్ని ఫోటోలు తీశాను. మగవాటికి ముందు జత ఊపిరితిత్తుల నడుమ, జననరంధ్రపు గీతకు కాస్త పైన, దారం తీసే సూక్ష్మ నాళికలు అదనంగా ఉంటాయి కాబట్టి ఆ చోట ముదురు మచ్చ కనిపించే అవకాశం ఉంది. నా ఫోటోల్లో అటువంటి మచ్చ లేదు. అయినా ఈ వయసులో పైచూపుతో చెప్పేది అంచనాయే. నమ్మదగిన సాక్ష్యం కుబుసమే.

సాలీడు తనంతట తాను పక్కకు జరిగేదాకా ఆగి, పొడవాటి పట్టకారుతో కుబుసాన్ని తీశాను. దురద పుట్టించే నూగు కుబుసపు పొట్టభాగం మీద కూడా మిగిలే ఉంటుంది కనుక చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. తల, కాళ్ల భాగాలు గట్టిగానే ఉన్నా పొట్టభాగం ఉల్లిపొరలా ముడుచుకుపోయి ఉంది. మన ఎండలకు ఎండిపోతే విప్పబోయేసరికి చిరిగిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తెల్లని పింగాణీ పళ్లెంలో లోపలివైపు పైకి వచ్చేలా, రెండు సన్నని బొమ్మల కుంచెలతో నెమ్మదిగా పరిచాను. ఇందులో తొందరపడకూడదు, ఎందుకంటే చూడవలసిన చోటే చిరిగితే మళ్లీ కుబుసం విడిచేదాకా నెలల తరబడి ఆగాలి.

పరిచాక నాలుగు తెల్లని మచ్చలు స్పష్టంగా కనిపించాయి. అవే ఊపిరితిత్తుల పొరలు. తలవైపున్న రెండింటి నడుమ అడ్డంగా సాగే గీత దగ్గర, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో, సెల్‌ఫోన్ టార్చి వెలుతురును పక్కనుంచి పడనిస్తూ చూశాను. గీత వెంబడి లేత గోధుమరంగు మడత ఒకటి లేచి ఉంది. కుంచె కొనను దాని కిందికి పోనిస్తే సంచి అంచులా పైకి లేచింది. ఆడవాటిలో వీర్యాన్ని నిల్వచేసే శుక్రగ్రాహిక ఇదే. కొన్ని మగవాటిలోనూ ఆ ప్రాంతంలో చిన్న ఉబ్బులు ఉండి కంగారు పెడతాయి గానీ, అవి ఇలా వెడల్పాటి మడతగా లేవవు. ఆడదనే నమోదు చేసుకున్నాను, చాలా సంతోషంగా ఉంది.

కుబుసాన్ని అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టి, తేదీ రాసి దాచాను. వచ్చేసారి దానితో పోల్చి మడత ఎంత పెరిగిందో చూస్తాను. కోరలు పూర్తిగా నల్లబడి గట్టిపడేవరకు మేత వేయను, నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నింపి ఉంచుతున్నాను.