గడియారం తప్పిన కంప్యూటర్

ఒడిశాలోని రాయగడలో పేపర్ హోల్‌సేల్ షాపులో లెక్కలు రాయడానికి చేరి ఆరేళ్లయింది. మాది పార్వతీపురం దగ్గర పల్లె. కూనేరు మీదుగా రైలెక్కితే ఇల్లు దగ్గరే, అయినా ఇక్కడ నేను పక్క రాష్ట్రం మనిషినే. బజార్లో తెలుగు వినపడుతూనే ఉంటుంది. మజ్జిగౌరమ్మ గుడికి మన వైపు నుంచి జనం వస్తూనే ఉంటారు. భాషకు ఇబ్బంది పడలేదు. నమ్మకం సంపాదించడానికే కష్టపడ్డాను. పాస్‌వర్డులు నా చేతికివ్వడానికి మా ఓనరు గారికి రెండేళ్లు పట్టింది.

అందుకే ఆ జూన్ పొద్దున్న నాకు అంత టెన్షన్. బడులు తెరిచే రోజులు. బొబ్బిలికి వెళ్లాల్సిన నోటుపుస్తకాల పేపర్ లోడుతో లారీ గుమ్మం ముందు ఆగి ఉంది. 50,000 రూపాయలు దాటిన ఆ సరుకు ఈ-వే బిల్లు అనే జీఎస్టీ రవాణా పత్రం లేకుండా కదలకూడదు. ఇన్‌వాయిస్ ఏమో సాఫ్ట్‌వేర్‌లో ఉంది. లాగిన్ కొడితే, సురక్షిత కనెక్షన్ కుదరలేదని మెసేజ్.

"నిన్న బాగానే ఉంది కదా, ఏం మార్చావు?" అని ఓనరు గారు ఒడియాలో అడిగారు. నేనేమీ మార్చలేదు. కానీ ఆ ప్రశ్న గుచ్చుకుంది.

గోడౌన్ చూసే భాయినా (ఒడియాలో అన్న) నెట్‌లో ఏదో హెల్ప్‌లైన్ నంబరు వెతికి ఫోన్ కలిపాడు. అవతలి మనిషి, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేసి కోడ్ చెప్పమన్నాడు. నేను ఒప్పుకోలేదు. షాపు లెక్కలన్నీ ఉన్న మిషన్ అది. ఎవరో తెలియని వాడికి తాళాలిచ్చేదెలా?

ఆ సాఫ్ట్‌వేర్ వెబ్‌సైటు నా ఫోన్‌లో తెరుచుకుంది. ఫోన్ హాట్‌స్పాట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చి చూశాను, మళ్లీ అదే మెసేజ్. అంటే లోపం నెట్‌లో లేదు, మిషన్‌లోనే ఉంది. అప్పుడు కింద మూల తేదీ చూశాను: 1 జనవరి 2010.

రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ ఎప్పుడో పాడైంది. కంప్యూటర్ ఆగిపోయినా గడియారం నడవాలంటే మదర్‌బోర్డు మీద ఒక చిన్న బిళ్ల సెల్లు పనిచేయాలి. అది అయిపోయింది. సర్వర్, అంటే వెబ్‌సైటు ఉండే అవతలి కంప్యూటర్, తన గుర్తింపుగా ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందో దాని మీద ఉంటుంది. మన మిషన్ 2010లో ఉన్నాననుకుంటే దానికి ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు, అందుకే తిప్పికొడుతుంది. తేదీ, టైమ్, సంవత్సరం సరిచేశాను. లాగిన్ అయింది. లారీ కదిలాక గాని నేను టీ తాగలేదు.

సాయంత్రం వాచీల షాపులో సీఆర్2032 సెల్లు కొన్నాను, 3 వోల్టులది. ప్లగ్ తీసేసి మార్చాను.

తర్వాతి నెల గోడౌన్‌లోని పాత విండోస్ 7 మిషన్ అదే మెసేజ్ ఇచ్చింది. ఈసారి తేదీ సరిగ్గానే ఉంది. ఇది వేరే జబ్బు. కంప్యూటర్, సర్వర్ రహస్యంగా మాట్లాడుకునే పద్ధతిని టీఎల్ఎస్ అంటారు. దాని వెర్షన్లలో 1999 నాటి 1.0, 2006 నాటి 1.1 రెండింటినీ 2021 మార్చిలో పనికిరానివిగా ప్రకటించారు. ఇప్పుడు సర్వర్లు 1.2 గాని 1.3 గాని అడుగుతాయి. విండోస్ 7కు 1.2 వచ్చు, కానీ చాలాసార్లు ఆపేసి ఉంటుంది. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి టీఎల్ఎస్ 1.2 పక్కన టిక్ పెట్టాను. కనెక్ట్ అయింది.

యాంటీవైరస్ తీసేయమని, హెచ్చరికను దాటి వెళ్లిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు వాళ్ల మీద కోపం. ఆ హెచ్చరిక మన లెక్కలకు కాపలా. అడ్డంగా ఉందని కాపలావాణ్ణి పంపేస్తామా?

టిక్ పెట్టినా ఓనరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను: విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, ఇది ఎక్కువ కాలం పెట్టుకోకూడదు అని. ఆయన వెంటనే ఏమీ అనలేదు. దసరాకు కొత్త మిషన్ వచ్చింది. పెట్టె విప్పాక పాస్‌వర్డు నన్నే పెట్టమని ఆయన పక్కకు తిరిగి నిలబడ్డారు.