నా అడుగుతో మూడు అడుగులు

పోతన భాగవతం అష్టమ స్కంధంలో బలిచక్రవర్తి యాగశాలకు వామనుడనే ఒక పొట్టి వడుగు, అంటే ఉపనయనమైన బ్రహ్మచారి కుర్రాడు, వస్తాడు. బలి అతణ్ణి చూసి ముచ్చటపడి, ఆదరంగా కూర్చోబెట్టి, ఏం కావాలో అడగమంటాడు. అడగమని ఊరుకోడు, జాబితా కూడా తనే చదువుతాడు.

వరచేలంబులొ మాడలో ఫలములో వన్యంబులో గోవులో
హరులో రత్నములో రథంబులొ విమృష్టాన్నంబులో కన్యలో
కరులో కాంచనమో నికేతనములో గ్రామంబులో భూములో
ధరణీఖండమొ కాక యేమడిగెదో ధాత్రీసురేంద్రోత్తమా!

మంచి బట్టలా, డబ్బులా, పళ్ళా, ఆవులా, గుర్రాలా, రత్నాలా, రథాలా, ఏనుగులా, బంగారమా, ఇళ్ళా, ఊళ్ళా... పద్యం ఊపిరి తీసుకోనివ్వదు. ఒకటి చూసేలోపు ఇంకొకటి వచ్చి మీద పడుతుంది. ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచి వేలితో పైకి తోస్తూ పోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. కాకపోతే బలి మనస్ఫూర్తిగా ఇస్తానంటున్నాడు, నెలాఖరుకు బిల్లు పంపడు.

ఇంత పెద్ద జాబితా విన్నాక ఆ పిల్లవాడు అడిగింది మూడడుగుల నేల. సంస్కృత భాగవతంలో దానికి ఇంకో మాట కూడా చేరుస్తాడు: "సమ్మితాని పదా మమ". నా పాదంతో కొలిచిన మూడు అడుగులు. మీ పాదంతో కాదు, రాజులు భూములు కొలిపించే గొలుసుతోనూ కాదు. కథ తెలిసినవాళ్ళం కాబట్టి ఇందులో ఉన్న తిరకాసు మనకు ముందే తెలుసు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఈ కొలత దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే ధరలు పెరుగుతున్న కాలంలో ఇంటి ఖర్చు గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి తేలేది ఇక్కడే. ఎంత కావాలి అన్న ప్రశ్నకు జవాబు ఎవరి పాదంతో కొలుస్తున్నాం?

బలికి ఆ కోరిక నచ్చలేదు. నవ్వాడు కూడా. "పసిబాలుండవు, నేర వీ వడుగ" అన్నాడు. చిన్నపిల్లాడివి, నీకు అడగడం చేతకాదు అని. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. రాక్షసరాజు అంతటివాడు మూడడుగుల లాంటి అల్పమైన దానం ఎలా ఇస్తాడు అని తన పరువు కూడా మధ్యలోకి తెచ్చాడు. తక్కువలో సరిపెట్టుకుంటానని ఎవరైనా అంటే వినబడే మాటలు ఈ రెండే. నీకు బతకడం తెలియదు, లేదా నీ వల్ల మా పరువు పోతోంది. పాత ఫోన్ వాడుతున్నవాణ్ణి, చిన్న ఇంట్లోనే ఉండిపోయినవాణ్ణి, ఇంటి వేడుక నలుగురితో కానిచ్చినవాణ్ణి అడిగి చూడండి. చెప్పినవాళ్ళంతా ప్రేమతోనే చెప్పి ఉంటారు. బలి కూడా ప్రేమతోనే అన్నాడు.

దానికి వామనుడి జవాబులోనే ఈ పద్యం ఉంది.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైన బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుడు
సప్తద్వీపముల నయిన జక్కంబడునే?

పెద్ద పెద్ద ఆశలకు పోకుండా, లేదని ఏడవకుండా, దొరికినది రవ్వంతైనా అదే పదివేలు అనుకుని తృప్తి పడలేనివాడు ఏడు ద్వీపాలు చేతికొచ్చినా బాగుపడతాడా? ఇప్పటికీ మనం "అదే పదివేలు" అనుకుంటూనే ఉంటాం. బస్సులో సీటు దొరికినా అంటాం, ఆస్పత్రి నుంచి మనిషి క్షేమంగా ఇంటికొచ్చినా అంటాం.

ఈ పద్యాన్ని చాలామంది తప్పు చోట వాడతారని నా అభిప్రాయం. అద్దె పెరిగి, ఫీజులు పెరిగి, జీతం మాత్రం ఉన్నచోటే ఉండి సతమతమవుతున్న మనిషికి "ఉన్నదాంట్లో తృప్తి పడు" అని ఈ పద్యం వినిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇది ఎవరికి చెప్పాడో చూడండి. ఆకలితో ఉన్నవాడికి చెప్పలేదు. మూడు లోకాలూ గుప్పిట్లో ఉన్న చక్రవర్తి "ఇంకా తీసుకో, ఇంకా అడుగు" అంటున్నప్పుడు, తీసుకోవాల్సినవాడు చెప్పాడు. అంటే లేమిలో ఓదార్పుగా వచ్చిన మాట కాదిది, ఎదురుగా ఆఫర్ ఉన్నప్పుడు వచ్చిన మాట. పైగా తనకు తాను వేసుకున్న లెక్క. ఇంకొకరి మీద రుద్దింది కాదు. అవసరం తీరనివాడు గట్టిగా అడగాల్సిందే, జీతం పెంచమని, ధర తగ్గించమని, హక్కుగా రావాల్సింది ఇమ్మని. వామనుడు కూడా అడగడానికే వచ్చాడు, నోరు మూసుకుని కూర్చోలేదు.

ఇక ఆ పద్యానికి ముందున్న మాట నాకు ఇంకా ఇష్టం. "గొడుగో జన్నిదమో కమండలువొ నాకున్ ముంజియో దండమో" అని మొదలుపెడతాడు. నాకు కావాల్సినవంటే ఒక గొడుగు, జంధ్యం, కమండలం, మొలకు ముంజి, అంటే గడ్డి తాడు, చేతికి కర్ర. వడుగునైన నేనెక్కడ, ఈ భూములెక్కడ, ఈ ఏనుగులెక్కడ, నిత్యం నేను చేసుకోవాల్సిన పని ఎక్కడ అంటాడు. ఏనుగు చెడ్డదని అనలేదు. బలి సంపదను తప్పుపట్టనూ లేదు, అడగబోయే ముందు వాళ్ళ వంశాన్ని పొగిడాడు కూడా. తన రోజు పనిని ఒకవైపు, ఏనుగును ఇంకోవైపు పెట్టి చూసుకున్నాడు, రెండూ పొసగలేదు.

నిజమే కదా, ఏనుగును తీసుకుంటే ఏమవుతుంది? దానికి మేత కావాలి, కట్టడానికి చోటు కావాలి, కడగడానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. వేదం చదువుకోవాల్సిన కుర్రాడు పొద్దున లేచి ఏనుగు సంగతి చూడాలి. ఉచితంగా వచ్చినా సరే, వచ్చిన రోజు నుంచి అది తినేది అతని పొద్దునే. మనకు తీరిక లేకపోవడానికి, డబ్బు చాలకపోవడానికి చాలాసార్లు కారణం ఒకటే అని నాకు ఇక్కడే అర్థమైంది. వస్తువు కొన్నప్పుడు ధర ఒక్కసారే కడతాం. తర్వాత దాన్ని తుడవాలి, ఛార్జింగ్ పెట్టాలి, రిపేరు చేయించాలి, బీమా కట్టాలి, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాలి, చెడిపోతే టెన్షన్ పడాలి, వాయిదాలు మిగిలుంటే ఆ వాయిదాల కోసం ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేయాలి. ఆ రెండు గంటల అలసట తీరడానికి ఇంకేదో కొంటాం. వామనుడు ధర అడగలేదు, తన పూట ఎలా గడుస్తుందో చూసుకున్నాడు. "ఇది నేను కొనగలనా" అన్న ప్రశ్న కంటే "ఇది వచ్చాక నా పొద్దు ఎలా ఉంటుంది" అన్నది ఎక్కువ పనికొస్తుంది.

మరి అతని దగ్గరున్న ఆ నాలుగైదు వస్తువులూ ఎక్కడివి? ఉపనయనం నాడు ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఇచ్చారు. సూర్యుడు గాయత్రి చెప్పాడు. బృహస్పతి జంధ్యం, కశ్యపుడు ముంజి, భూదేవి కృష్ణాజినమనే జింకతోలు, చంద్రుడు దండం, తల్లి అదితి కౌపీనం, ఆకాశం గొడుగు, బ్రహ్మ కమండలం, సప్తర్షులు దర్భలు, సరస్వతి జపమాల ఇచ్చారు. భిక్షాపాత్ర ఇచ్చింది ఎవరో తెలుసా? కుబేరుడు! లోకంలోని నిధులన్నీ దగ్గరున్నవాడు ఒక ఖాళీ గిన్నె ఇచ్చాడు. అందులో మొదటి భిక్ష పార్వతీదేవి వేసింది. నవ్వొస్తుంది, మళ్ళీ ఆలోచిస్తే కుబేరుడే సరైన కానుక ఇచ్చాడనీ అనిపిస్తుంది. ఆ పిల్లవాడి ఒంటి మీద, చేతిలో ఉన్న ప్రతి వస్తువుకూ ఇచ్చినవారి పేరుంది, వాడే పని ఉంది. మన అల్మరా తెరిచి, ఇది ఎవరిచ్చారు, ఎందుకు ఉంది, ఎప్పుడు వాడాం అని అడుగుతూ పోతే ఎన్ని వస్తువులు జవాబు చెబుతాయి? ఈ పరీక్ష మొదలుపెట్టినవాళ్ళకు ముందు దొరికేది చోటు, తర్వాత దొరికేది కాస్త సిగ్గు. సర్దడం కంటే అసలు కొనకుండా ఉండటం తేలికని కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇదే ఘట్టంలో ఇంటి బడ్జెట్ గురించి కూడా ఒక శ్లోకం ఉంది. చెప్పినవాడు శుక్రాచార్యుడు. వచ్చినవాడు విష్ణువని గుర్తుపట్టి, దానం ఇవ్వొద్దని శిష్యుణ్ణి ఆపబోతూ అన్న మాటలవి.

ధర్మాయ యశసేఽర్థాయ కామాయ స్వజనాయ చ
పంచధా విభజన్ విత్తమిహాముత్ర చ మోదతే

సంపాదనను అయిదుగా పంచుకున్నవాడు ఇక్కడా అక్కడా సుఖపడతాడట. ధర్మానికి, మంచి పేరుకు, మళ్ళీ సంపాదన పెరగడానికి, తన సరదాలకు, తనవాళ్ళకు. సమాన వాటాలని శ్లోకంలో లేదు, ఎవరి వీలు వాళ్ళది. దీనికి ముందు శ్లోకంలోనే, బతుకుతెరువును దెబ్బతీసే దానాన్ని పెద్దలు మెచ్చుకోరని కూడా అంటాడు. మాట తప్పమని బలికి ఇచ్చిన సలహా బలి వినలేదు, వినకపోవడమే మంచిదైంది. కానీ గృహస్థుడి లెక్కగా మాత్రం ఇది గట్టి లెక్క. నాకు నచ్చింది సరదాలకూ వాటా ఉండటం. నిరాడంబరంగా బతకడమంటే ముఖం ముడుచుకుని బతకడం అనుకునేవాళ్ళు ఈ శ్లోకం చూడాలి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ధరలు పెరిగినప్పుడు మనం మొదట కోసేది ధర్మం వాటా, ఆ తర్వాత పొదుపు వాటా. సరదా వాటా ఒక్కటే చడీచప్పుడూ లేకుండా పెరుగుతూ ఉంటుంది, ఎందుకంటే అది నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. అయిదు గీతలు గీసి ఏది ఏ గీతలోకి వస్తుందో రాసుకుంటే చాలు, ఏ సబ్‌స్క్రిప్షన్ మర్చిపోయామో బయటపడుతుంది.

ఇప్పుడు తిరకాసు దగ్గరకు వద్దాం. తృప్తి గురించి ఇంత చెప్పినవాడు ఒక అడుగుతో భూమిని, రెండో అడుగుతో స్వర్గాన్ని కొలిచేశాడు. మూడో అడుగుకు చోటు లేక బలి తల వంచాడు. మరి ఆ మూడడుగుల మాటలన్నీ బూటకమేనా? చిన్నప్పుడు ఈ కథ విన్న పిల్లలందరూ అడిగే ప్రశ్నే ఇది, పెద్దవాళ్ళు దాటేసే ప్రశ్న కూడా. నాకు తట్టిన జవాబు ఆ తర్వాతి కథలో ఉంది. అలా తీసుకున్నదాంట్లో వామనుడు తనకంటూ ఏం ఉంచుకున్నాడు? స్వర్గాన్ని అదితి కొడుకు ఇంద్రుడికి తిరిగి ఇచ్చాడు. బలికి సుతలమనే కింది లోకం ఇచ్చాడు. తను మాత్రం ఆ సుతలంలో గద పట్టుకుని బలికి కాపలాగా నిలబడతానని మాటిచ్చాడు. మూడు లోకాలు కొలిచినవాడి వాటాకు చివరికి మిగిలింది భక్తుడి ఇంటి కాపలా. పాదం ఎంత పెరిగినా ఆకలి పెరగలేదన్నమాట. జీతం పెరిగినప్పుడల్లా కోరికలను దానికి తగ్గట్టు సాగదీసుకునే మనకు ఇది కొంచెం గట్టిగానే తగులుతుంది.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకూడదు. మొదటిసారి అడిగినప్పుడు వామనుడు అన్న మాట "ఒంటివాడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము". ఒంటరివాణ్ణి కాబట్టి నాకు ఇంత చాలు అని. ఒకటీ రెండూ కలిపితే ఆ మూడడుగులే. పెళ్ళాం పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాడి కొలత వేరు. ఇంట్లో ఒకరికి ఉన్నట్టుండి వైరాగ్యం వచ్చి, మిగిలినవాళ్ళందరి ఖర్చుల మీద కత్తెర పెట్టడం నేను చూశాను. తన పుస్తకాలు మాత్రం అవసరం, భార్య కొన్నది మాత్రం దుబారా. అది వామనుడి కొలత కాదు, బలి మాటలకే ఇంకో వేషం. అక్కడ "ఇంకా తీసుకో" అని ఒత్తిడి, ఇక్కడ "ఇంక చాలు" అని ఒత్తిడి, రెండింటిలోనూ అవతలివాళ్ళ అడుగు ఎంతో అడిగింది లేదు. అయిదు గీతల కాగితం ఇంటిల్లిపాదీ కూర్చుని నింపాల్సిందే. పెద్దవాళ్ళ మందులు ఏ గీతలోకి వస్తాయో తేలడం నిమిషం పని. పిల్లవాడి ఆటకిట్టు సరదానా, చదువులో భాగమా అన్న దగ్గర గంట పడుతుంది. వాదన కాస్త వేడెక్కుతుంది కూడా. వేడెక్కనివ్వండి, వచ్చే నెల మళ్ళీ కూర్చోవచ్చు.