ప నోరు మూసుకుపోకూడదు

త్వరలో రాబోతున్న ఒక వెబ్ పత్రికకి లోగో చేస్తున్నాను. పత్రిక ఇంకా మొదలవలేదు కాబట్టి పేరు ఇక్కడ రాయను. మూడక్షరాల పేరనీ, మొదటి అక్షరం 'ప్ర' అనీ మాత్రం చెప్తాను. పనంతా ఆ ఒక్క అక్షరం చుట్టూనే తిరుగుతోంది.

సంపాదకురాలు మేడమ్ పాత వారపత్రికలు చదివి పెరిగిన మనిషి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడే "లోగోకి బొమ్మ ఏం పెడదాం అమ్మా?" అని అడిగారు. తాటాకు, గంటం, వీణ, నెమలీక. సాహిత్య పత్రిక అనగానే అందరికీ ముందు తోచేవి ఇవే. "బొమ్మ వద్దు మేడమ్, పేరే బొమ్మ" అన్నాను. ఇంత అందమైన లిపి చేతిలో ఉండగా పక్కన ఇంకో బొమ్మ నిలబెడితే అక్షరం మీద మనకే నమ్మకం లేనట్టు ఉంటుందని నా గట్టి అభిప్రాయం. ఒకప్పుడు వారపత్రికల్లో ప్రతి కథకీ శీర్షికని ఆర్టిస్టు చేత్తోనే రాసేవారు. బాపు గారి రాత ఇప్పటికీ శుభలేఖల మీద కనబడుతుంది, చూడగానే ఆయన రాతని గుర్తుపట్టేస్తాం. కింద సంతకం అక్కర్లేదు. ఒక పత్రికకి అలాంటి గుర్తింపు దొరికితే అంతకన్నా ఏం కావాలి?

అందుకే ఉన్న ఫాంటులో పేరు టైప్ చేసి సరిపెట్టకుండా అక్షరాలు కొత్తగా గీయడానికి కూర్చున్నాను.

'ప'ని ఒకసారి దగ్గరగా చూడండి. తలకట్టు ఒంటికి అంటదు, కాస్త పైన విడిగా నిలబడుతుంది. ఫ, ష, స, హలకీ అంతే. 'వ'కి అలా కాదు, తలకట్టు ఒంటికి అతుక్కునే ఉంటుంది, పైన నోరు మూసుకుని ఉంటుంది. అంటే ప, వల మధ్య తేడా అంతా ఆ కొంచెం ఖాళీలోనే ఉంది. పెద్ద సైజులో ఎవరూ తడబడరు. కానీ బ్రౌజర్ ట్యాబ్ మీద కనబడే ఐకాన్ 16 పిక్సెళ్ల చదరం. అందులో ఆ ఖాళీకి ఒక పిక్సెల్ కూడా దక్కదు, బూడిదరంగు మరకైపోతుంది. 'ప్ర' కాస్తా 'వ్ర' అయి కూర్చుంటుంది. పత్రిక పేరే తప్పు చదివించే లోగో ఎంత అందంగా ఉంటే మాత్రం ఎందుకు?

కాబట్టి ఒకే బొమ్మని పెంచీ తగ్గించీ వాడటం మానేసి, సైజుని బట్టి వేర్వేరుగా గీశాను. పేజీ పైన పెద్దగా వచ్చేదాంట్లో గీత లావు సన్నాలు చేతిరాతలో లాగే ఉంటాయి. చిన్నదాంట్లో గీత మందం అంతా ఒకటే. తలకట్టు పొట్టిగా, బాగా పైకి జరిగి ఉంటుంది. ఖాళీ మాత్రం కొలతకి మించి ఉంటుంది. పెద్దది చేసి చూస్తే ఆ చిన్న బొమ్మ మొరటుగానే కనబడుతుంది. దాన్ని అలా చూడకూడదు, దాని సైజులోనే చూడాలి.

ఐకాన్‌లో ర వత్తు తీసేసి ఒట్టి 'ప' ఉంచుదామా అని మేడమ్ అడిగారు. నాకు మనసొప్పలేదు. చేతిరాతలో చాలామంది ర వత్తుని అక్షరానికి ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి కింద నుంచి చుట్టి తెస్తారు. నేనూ అలాగే గీశాను. దాంతో వత్తు కిందికి వేలాడకుండా అక్షరాన్ని ఒడిలోకి తీసుకున్నట్టు వచ్చింది, ఎత్తు కలిసొచ్చింది. ఇంకో లాభం కూడా ఉంది. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో డీపీ గుండ్రంగా కత్తిరిస్తారు కదా, వత్తు వంపు సరిగ్గా ఆ వలయం వెంటే నడుస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

రంగు దగ్గర వేరే చిక్కు. పసుపు పెడితే ఒక పార్టీ, గులాబీ పెడితే ఇంకో పార్టీ. కాషాయం, ఎరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగునాట సాహిత్య పత్రిక పెట్టి ఏదో ఒక జెండా రంగు మోయడం బాగుండదు. చివరికి నేరేడు పండు రంగు ఖాయం చేశాం. తెల్లటి పేజీ మీద చిన్న అక్షరాలకి కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనకున్న రంగుకీ వెలుగులో తేడా) ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. ముదురు నేరేడు దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. పసుపుకి అక్కడే కాళ్లు తడబడతాయి.

నిజానికి పాఠకుడు లోగోని ఒక్క క్షణం చూస్తాడు, కథని పావుగంట చదువుతాడు. అందుకే లోపలి అక్షరాల మీద నాకు పట్టింపు ఎక్కువ. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి. రామభద్ర మంచి దిట్టం, పోస్టర్లకి దివ్యంగా ఉంటుంది, పేరా చదవడానికి కాదు. శీర్షికలకి అనేక్ తెలుగు తీసుకున్నాను. ఒకే ఫాంటులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. కథలకి నోటో సెరిఫ్ తెలుగు. ఏ ఫాంటునైనా నేను 'స్త్రీ', 'రాష్ట్రం', 'శాస్త్రీయం' అనే మాటలతో పరీక్షిస్తాను. 'స్త్రీ'కి పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఆ మాట పై వరసనీ కింది వరసనీ గుద్దుకోకుండా నిలబడితే మిగతావన్నీ నిలబడినట్టే. ఇంగ్లీషు పేజీల కోసం పెట్టుకున్న వరస ఎడాన్నే తెలుగుకీ ఉంచేసే సైట్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్షరం సైజుకి 1.75 రెట్లు ఇచ్చాను. మేడమ్ తన ఫోన్లో ఒక కథ మొత్తం చదివి "కళ్లు లాగలేదమ్మా" అన్నారు.

ఇక మిగిలింది డార్క్ మోడ్. నల్లటి తెర మీద తెల్లటి గీత ఉన్నదానికన్నా లావుగా కనబడుతుంది, కష్టపడి తెరిచిన 'ప' నోరు మళ్లీ మూసుకోబోతుంది. గీత కొంచెం సన్నం చేసి, తలకట్టు ఇంకాస్త పైకి జరిపి దానికీ వేరే బొమ్మ గీయాలి. ఈ వారం పని అదే.