మార్కో పోలో, బురదలో యునికార్న్, మన మోటుపల్లి గద్దలు

సమ్మర్ సెలవులకి మా చెల్లి పిల్లలు డల్లాస్ నుంచి వచ్చారు. పెద్దదానికి పన్నెండు, చిన్నోడికి తొమ్మిది. మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో రోజంతా ఒకటే గోల, ఒకళ్లు కళ్లు మూసుకుని "మార్కో" అని అరవడం, మిగతావాళ్లు "పోలో" అని అరిచి తప్పించుకోవడం. టవల్ ఇస్తూ ఊరికే అడిగా, ఇంతకీ ఎవర్రా ఆ మార్కో పోలో అని. చిన్నోడు సీరియస్‌గా ఆలోచించి "టీషర్ట్ కంపెనీ కదా పెద్దమ్మా" అన్నాడు.

సరే ఇక లాభం లేదని ఆ రాత్రే మొదలుపెట్టా, 1254లో పుట్టాడు, ఊరు ఇటలీలో వెనిస్, నాన్న వ్యాపారి అని. నిమిషం కాలేదు, పెద్దది ఫోన్ తీసింది. తప్పు దాంది కాదు లెండి, చిన్నప్పుడు నాకు చెప్పినవాళ్లూ ఇలాగే చెప్పి చంపారు, అదే నేనూ చేస్తున్నా. మర్నాడు రూటు మార్చి "ఈయన సుమత్రా దీవిలో యునికార్న్‌ని, అదే కథల్లో ఒంటికొమ్ము గుర్రాన్ని, చూశాడు తెలుసా" అన్నా. ఫోన్ పక్కకెళ్లింది. ఏనుగు కంటే కొంచెం చిన్నది, గేదెకున్నట్టు వెంట్రుకలు, ఏనుగు పాదాలు, నుదుటి మీద నల్లటి లావుపాటి కొమ్ము, తల అడవిపంది తలలా ఉంటుంది, ఎప్పుడు చూసినా బురదలో పొర్లుతుంటుంది, మా ఊళ్లో చెప్పుకునే యునికార్న్‌కీ దీనికీ సంబంధమే లేదు, చూడ్డానికే వికారం అని రాశాడు పాపం. నేను ఇంకా చెప్తుండగానే చిన్నోడు మంచం మీద ఎగిరాడు, "అది రైనో!"

అంతే, మాకు ఆట దొరికింది. ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీశాం, "చూశాడు", "విన్నాడు", "డూపు". నేను ఒక్కో ముక్క చెప్తా, వాళ్లు ఏ గడిలో వెయ్యాలో కొట్టుకుంటారు.

దీనికి ముందు ఒక సంగతి చెప్పాల్సొచ్చింది, ఇవన్నీ ఉన్న ఆయన ప్రయాణాల పుస్తకం ఆయన చేత్తో రాసింది కాదు. తిరిగొచ్చాక యుద్ధంలో వెనిస్‌కి శత్రువులైన జెనోవా నగరం వాళ్లకి దొరికిపోయి జైల్లో పడితే, 1298 ప్రాంతంలో అదే జైల్లో ఉన్న రుస్తికెల్లో అనే కథల రచయితకి తన ప్రయాణం అంతా చెప్పాడు, ఆయన రాశాడు. "అయితే ఆ రైటర్ కూడా కలిపి ఉండొచ్చు" అంది పెద్దది. ఉండొచ్చు మరి.

ప్రయాణం సంగతికొస్తే, మార్కోకి పదిహేనేళ్లు వచ్చేదాకా నాన్న మొహమే తెలీదు. నాన్న నికోలో, బాబాయ్ మఫియో వ్యాపారం మీద వెళ్లి చైనాలో మంగోల్ చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ దాకా వెళ్లి వచ్చేసరికి వాళ్లమ్మ కూడా పోయింది. రెండేళ్లకి, 1271లో, పదిహేడేళ్ల కుర్రాణ్ణి తీసుకుని మళ్లీ బయల్దేరారు. ఖాన్ అడిగినవి రెండు, వందమంది పండితులు, జెరూసలేం గుడి దీపంలో నూనె. పోప్ వంద బదులు ఇద్దర్ని పంపితే ఆ ఇద్దరూ యుద్ధం భయంతో దార్లోనే వెనక్కి పారిపోయారు. నూనె మాత్రం మూడున్నరేళ్లు ఎడార్లూ కొండలూ దాటించి భద్రంగా తీసుకెళ్లి ఇచ్చారు. "ఒలకలేదా?" ఇది చిన్నోడి డౌటు, వాడు జ్యూస్ గ్లాసు హాల్లోంచి రూమ్‌లోకి కూడా తీసుకెళ్లలేడు.

పామీర్ కొండల మీద మంట సరిగ్గా వేడెక్కదు, వంట సరిగ్గా ఉడకదు అన్నాడు, చలి వల్ల అనుకున్నాడు. పిల్లలు వెంటనే డూపు అన్నారు. వంటింట్లోకి తీసుకెళ్లి కుక్కర్ చూపించి, అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, అందుకే పప్పు ఉడకదు అని చెప్పేసరికి "చూశాడు"లోకి మారింది. మల్బరీ చెట్టు బెరడుతో చేసిన కాగితం నోట్లు, కట్టెల్లాగా మండే నల్లరాళ్లు (బొగ్గేలెండి) కూడా అందులోకే. చైనా నుంచి నూడుల్స్ పట్టుకొచ్చి ఇటలీకి నేర్పాడని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూశారా, అది మాత్రం డూపే, ఆయన పుట్టడానికి వందేళ్ల ముందే, 1154లోనే సిసిలీలో అలాంటివి చేసి అమ్మేవాళ్లని ఒక అరబ్బు భూగోళ పండితుడు రాసి పెట్టాడు.

పిల్లల పుస్తకాలు చాలావరకు చైనాతో కథ ముగించేస్తాయి, నాకు అదే కోపం. అసలు మజా వెనక్కొచ్చేటప్పుడు. కుబ్లయ్ దగ్గర పదిహేడేళ్లు ఉండి, పర్షియా రాజుకి పెళ్లికూతురుగా వెళ్తున్న కోకచిన్‌ని అక్కడ అప్పజెప్పే పని మీద పద్నాలుగు ఓడలతో 1292 ప్రాంతంలో సముద్రం మీద బయల్దేరాడు. దార్లో సుమత్రా, సిలోన్, మన తీరం. తమిళ తీరం గురించి రాస్తూ ఈయన భలే విషయం పట్టుకున్నాడు, ఇక్కడి జనం తాగేటప్పుడు చెంబు పెదాలకి తగలనివ్వరు, పైకెత్తి నోట్లో పోసుకుంటారు, ఒకరి చెంబు ఇంకొకరు ముట్టరు, తినేది కుడిచేత్తోనే అని. "అమ్మమ్మ రోజూ అరిచేది ఇదే కదా, కరుచుకుని తాగకు ఎత్తి తాగు అని!" అంది పెద్దది. ఏడొందల ఏళ్ల క్రితం వెనిస్ వాడికి వింతగా అనిపించింది మా అమ్మ ఎంగిలి గొడవ.

ఆ తర్వాత ముత్ఫిలి. అంటే మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లా, అప్పట్లో కాకతీయుల రేవు. అక్కడి బట్ట సాలెగూడంత పలచగా ఉంటుంది, కట్టుకోడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరు అన్నాడు. రాజు పోయాక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోంది అన్నాడు. పేరు చెప్పలేదు గానీ రుద్రమదేవే. కానీ ఆవిడ రాజు భార్య కాదు, గణపతిదేవుడి కూతురు. పైగా చందుపట్ల శాసనం లెక్కన 1289కే ఆవిడ లేరు, ఈయన ఓడ ఇటు వచ్చింది ఆ తర్వాత. పెద్దది గంటసేపు లెక్కలేసి "విన్నాడు" గడిలో పెట్టింది, అదీ పాత న్యూస్ అని పక్కన రాసి మరీ.

వజ్రాల దగ్గర గొడవైంది. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయి, తెల్ల గద్దలు ఎత్తుకెళ్తాయి, జనం వెంటపడి తరిమి వజ్రాలు ఏరుకుంటారట. గద్ద రెట్టలో కూడా దొరుకుతాయట, దీనికి చిన్నోడు మంచం మీంచి కిందపడి నవ్వాడు. సింద్‌బాద్ కథలోనూ ఇదే లోయ ఉంది, కాబట్టి డూపు. అయితే దానికి ముందే ఇంకోటి చెప్పాడు, వానలకి కొండల మీంచి నీళ్లు దూకుతాయి, వాన వెలిశాక ఆ వాగుల్లో వెతికితే వజ్రాలు దొరుకుతాయి అని. యూట్యూబ్‌లో కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వీడియోలు పెట్టి చూపించా, తొలకరి పడగానే వజ్రాల కోసం చేలల్లో వంగి నేల చూసుకుంటూ తిరిగే జనం. ఇద్దరూ సైలెంట్.

వాళ్లు వెళ్లేముందు చీరాల్లో అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మోటుపల్లి కూడా వెళ్లొచ్చాం. వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడి శాసన స్తంభం ఉంది, 1244 నాటిది. తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే ఇదివరకు రాజులు సరుకంతా లాక్కునేవాళ్లు, మేం సుంకం తప్ప ముట్టం అని అభయం ఇచ్చాడు, కింద గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలకి రేట్లు. "మార్కో పోలో ఇక్కడ దిగాడా?" అన్నాడు చిన్నోడు. దిగాడో, ఏ రేవులోనో నావికుల దగ్గర విని రాశాడో గట్టిగా చెప్పలేం అన్నా. వాడు నోట్‌బుక్ తెరిచి, గీత మీద, అటూ ఇటూ కాకుండా రాసుకున్నాడు.

కార్లో దాహమేసి బాటిల్ ఎత్తి తాగబోయాడు, సగం నీళ్లు షర్ట్ మీదే. తుడుచుకుంటూ "పెద్దమ్మా, ఇది మాత్రం చూసే రాశాడు" అన్నాడు.