పడిపోయిన కౌంట్

పదకొండున్నర అయింది. చిన్నది పడుకుంది. ఈయన ఇంకా రాలేదు. నిద్ర పట్టేలా లేదు. పొద్దున ఫోన్‌లో విన్న ఆ రైతు గొంతే చెవిలో తిరుగుతోంది.

"ఏమ్మా, మీ యాప్ కౌంట్ పడిపోయిందంటోంది. చెరువులో రొయ్య చచ్చిపోతోందామ్మా?"

ఆయన చెరువు పది రోజుల క్రితం 60 కౌంట్, నిన్న 52. భీమవరంలో ఎవరినడిగినా సంతోషపడే మాట అది. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. అది తగ్గితే రొయ్య ఎదిగినట్టు, రేటు పెరిగినట్టు. మా యాప్‌లో రైతులకి జవాబులిచ్చే ఏఐ ఏజెంట్ మాత్రం 60 నుంచి 52కి పడిపోయింది, రొయ్యలు చనిపోతున్నాయేమో చూసుకోండి అని చెప్పింది. పాపం, మిట్టమధ్యాహ్నం ఎండలో మనుషుల్ని పిలిచి వల వేయించాడాయన.

ఆ కౌంట్ తెచ్చిచ్చే చిన్న ప్రోగ్రాముని టూల్ అంటాం. అదేం చేస్తుందో ఏజెంట్‌కి చెప్పే డిస్క్రిప్షన్ రాసింది నేనే. "చెరువు కౌంట్ ఇస్తుంది." అంతే రాశాను.

సాయంత్రం మీటింగ్‌లో చెప్తే మా లీడ్ అన్న మాట ఇంకా మండుతోంది. "మోడల్ తప్పు, ఇంకా పెద్ద మోడల్ పెడదాం. డిస్క్రిప్షన్లు ఎవరు చదువుతారు?" ఎవరు చదువుతారంటే, ఏజెంట్ వెనక ఉండి జవాబు తయారుచేసే ఆ మోడలే చదువుతుంది! రైతు అడిగిన ప్రతిసారీ ప్రశ్నతో పాటు టూల్ పేరు, ఆ డిస్క్రిప్షన్, ఏమేం ఇవ్వాలో చెప్పే వివరాలు, ఇవే దాని ముందుకు వెళ్తాయి. లోపల మేం రాసిన కోడ్ దానికి కనపడదు. పక్క చెరువు వాళ్లని అడిగి తెలుసుకునే వీలూ లేదు. మనం రెండు ముక్కలు రాస్తే ఆ రెండు ముక్కలతోనే నెట్టుకురావాలి. ఇదంతా అక్కడే అనాల్సింది. అనలేదు. అన్నం తింటూ కూడా అదే ఆలోచన, కూరలో ఉప్పు లేదని అత్తయ్య చెప్తేగానీ తెలీలేదు.

నాన్న చెరువు గుర్తొచ్చింది. నేను ఇంటర్‌లో ఉన్నాను. మొగల్తూరు దగ్గర చెరువు లీజుకు తీసుకున్నారు. కాపలాకి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. పాలకొల్లులో పెళ్లికి బయల్దేరుతూ నాన్న, "పదింటికి మోటారు ఆపేయ్ రా" అని చెప్పారు. నాన్న లెక్కలో మోటారంటే నీళ్లు తోడేది ఒక్కటే. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లని ఆయన ఎప్పుడూ ఫ్యాన్లు అనేవారు. కానీ ఏరియేటర్లకీ మోటార్లుంటాయి కదా. కుర్రాడు పదింటికి అన్నీ ఆపేసి, చెప్పిన పని చేశానన్న ధీమాతో పడుకున్నాడు.

రాత్రి ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా నీళ్లలో ఉన్నదాన్నే పీల్చుకుంటుంది. తెల్లారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఐదింటికి మేం వెళ్లేసరికి రొయ్యలు గట్టువార పైకి తేలి ఉన్నాయి. కుర్రాడు చేతులు కట్టుకుని, "మోటారు ఆపమన్నారు కదండీ" అన్నాడు. నాన్న తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను. "ఆ మాత్రం తెలీదా" అని మాత్రం పదేపదే అన్నారు.

ఇదంతా రాయడం మొదలుపెట్టినప్పుడు, రేపు ఆ డిస్క్రిప్షన్‌ని బారెడు చేద్దామనే అనుకున్నాను. కౌంట్ అంటే ఏమిటి, తగ్గితే ఏమని అర్థం, చెరువులో మొత్తం ఎన్ని రొయ్యలున్నాయని అడిగితే ఇది కాకుండా ఏ టూల్ వాడాలి, అన్నీ. నాన్న కూడా ముందు అదే చేశారు. స్టార్టర్ల మీద ఎర్ర రంగుతో "నీళ్ల మోటారు" అని ఒకదాని మీద, "ఫ్యాన్లు, రాత్రి ఆపకూడదు" అని ఇంకోదాని మీద రాయించారు. కానీ తర్వాతి పంటకి ఏరియేటర్ల స్టార్టర్‌ని విడిగా వేరే పెట్టెలో పెట్టించి తాళం వేశారు. అది ఇప్పుడే గుర్తొచ్చింది.

మా టూల్ తిరిగి ఇచ్చేది ఉత్త "52". పక్కన ఏమీ ఉండదు. వివరణ ఎంత రాసినా ఆ అంకె అలాగే ఉంటే ఎక్కడో మళ్లీ తప్పుతుంది. పైగా ప్రతి టూల్‌కీ పేజీడు వివరణ రాస్తే మోడల్ ఒకసారికి చదవగలిగే జాగా అంతా దానికే పోతుంది. అందుకే రాయడం కాసేపు ఆపి, అది ఇచ్చే దాని పేరే మార్చేశాను. "కిలోకు రొయ్యలు: 52", దాని కింద "ఒక్కో రొయ్య సగటు బరువు: 19 గ్రాములు", పది రోజుల క్రితం 17. బరువు పెరిగిందని చూశాక చచ్చిపోతున్నాయని ఎవరంటారు? డిస్క్రిప్షన్ రెండు వాక్యాలే రాశాను. అదే ప్రశ్న మళ్లీ అడిగితే సరిగ్గా చెప్పింది, రొయ్య పెరిగిందని. సంతోషమే.

రైతుకి రేపు నేనే ఫోన్ చేస్తాను. తప్పు నాదని చెప్తాను.

ఆ కుర్రాడు వారం తిరక్కుండా పని మానేసి వెళ్లిపోయాడు. తర్వాత ఎక్కడ చేరాడో తెలీదు. తాళం వేయించిన రోజున నాన్నకి అతను గుర్తొచ్చాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆయన ఇప్పటికీ మూడింటికి లేచి ఫ్యాన్లు చూసుకుంటారు. అప్పటికి నేను మెలకువగా ఉంటే అడుగుతాను.