అప్పన్నకి తనాకా

సింహాచలం అప్పన్న నిజరూపం కనపడేది ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియ నాడు. అదే చందనోత్సవం. ఆ రాత్రే గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి 3 మణుగుల గంధం పూసేస్తారు. తరవాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మళ్లీ మూడేసి. మొత్తం 12 మణుగులు.

ఎందుకు పూస్తారో మా వైపు పిల్లలకి ఊహ తెలిసేసరికే తెలుస్తుంది. ప్రహ్లాదుడు కట్టించిన గుడి పాడుబడి, స్వామి మీద పుట్ట లేచింది. పురూరవుడు వచ్చి ఆ పుట్టమన్ను తొలగించాడు. ఎంత మట్టి తీశావో అంత గంధం పూయమని ఆకాశవాణి పలికింది. నేను ఈ కథని తాతయ్య నోట విన్నాను. ఆయన మట్టి దగ్గర ఆగేవారు. అన్నేళ్లు కప్పుకున్న ఆ మట్టిని స్వామి తప్పు పట్టలేదు కదా, అనేవారు.

తాతయ్య పదహారేళ్లకి రంగం వెళ్లారు. రంగూన్ అని మా ఇంట్లో ఎవరూ అనరు, రంగమే. విశాఖలో స్టీమరెక్కి, రంగం రేవులో బియ్యం బస్తాలు మోశారు. రేకుపెట్టెలో ఒక అప్పన్న పటం. ఏటా చందనోత్సవం నాడు పటం తుడిచి, చూసుకుని, మళ్లీ కాస్త గంధం అద్దేవారు. కొండ ఎక్కలేనివాడి చందనోత్సవం అది.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. మనవాళ్లు వేలమంది అరకాను దారి పట్టి నడిచారు. ఎందరో దారిలోనే పోయారు. జ్వరంతో నడవలేని తాతయ్యని ఒక బర్మా ఇల్లాలు తన పల్లెలో దాచింది. వైశాఖం వచ్చేసరికి చేతిలో గంధం చెక్క లేదు. ఆమె రోజూ గుండ్రటి రాతి మీద నీళ్లు చల్లి ఒక చెట్టు బెరడు అరగదీసి, పిల్లల బుగ్గలకి రాసేది. లేత పసుపు రంగు, చల్లదనం, ఇంచుమించు గంధం లాంటి వాసన. తనాకా అంటారు దాన్ని. తాతయ్య చెయ్యి చాపి అడిగారు. దేవుడికని సైగ చేస్తే ఆమె కొత్తగా నీళ్లు పోసి, రాయి కడిగి, మళ్లీ అరగదీసి ఇచ్చిందట. రాయి కడగడం గురించి చెప్పేటప్పుడల్లా తాతయ్య గొంతు మారిపోయేది.

చిన్నప్పుడు నేను ఆ మాటని ‘తనఖా’ అనుకుని, తాతయ్య దేవుడి దగ్గర ఏదో తాకట్టు పెట్టారనుకున్నాను. అది పూర్తిగా పొరపాటని ఇప్పటికీ అనలేను.

“గంధం కాకపోతే అపచారం కాదా తాతయ్యా?” అని అడిగాను ఒకసారి.

“మట్టికి బదులు గంధం పుచ్చుకున్నోడు, గంధానికి బదులు తనాకా పుచ్చుకోడేటి?” అన్నారు.

ద్రవ్యలోపం క్షమించమని ప్రతి పూజ చివరా అడుగుతాం. తాతయ్య అలా అడగగా నేను వినలేదు. ఆయన దృష్టిలో అక్కడ లోపమే లేదు. ఏ నేల మీద నిలబడితే ఆ నేల ఇచ్చిందే నైవేద్యం. పరాయి దేశంలో భక్తి అంటే నాకు ఇంతకంటే పెద్దగా తెలీదు.

1962లో బర్మాలో సైన్యం పాలన వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, పెద్ద నోట్లు రద్దయ్యాయి. మరుసటేడు తాతయ్య కుటుంబంతో ఓడెక్కారు. నగలూ డబ్బూ తెచ్చుకోనివ్వలేదు. గుండ్రటి రాయీ బెరడుతో ఉన్న కొమ్మ ముక్కా ఎవరికీ విలువైనవి కావు గనక రానిచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో కాపురం పెట్టాక, మొదటి చందనోత్సవానికి తెల్లవారకముందే మెట్లెక్కారు. నిజరూపం ఎలా ఉందని అడిగితే “ఉన్నాడు” అనేవారు. అంతే.

ఆయన పోయిన ఏడాది మేం కొండ ఎక్కకూడదు. తదియ నాడు అమ్మ రేకుపెట్టె తీసింది. అడుగున రెండు వేళ్ల పొడవు తనాకా ముక్క ఉంది. ఇంట్లో గంధం ఉంది, కానీ అమ్మ దాన్ని ముట్టుకోలేదు. రాయి కడిగి, నీళ్లు చల్లి నా చేతికిచ్చింది. అరగదీయడం మొదలుపెట్టాను. చాలాసేపు ఏమీ రాలేదు. తరవాత రాతి మధ్య, తాతయ్య చెయ్యి తిరిగిన పల్లంలో, కొంచెం పసుపు తేలింది.