విశాఖ నుంచి ఫ్రెండ్ చైనా వస్తుంటే: ముందు పోలీస్ స్టేషన్, తర్వాతే పప్పుచారు

గాజువాక నుంచో ఎంవీపీ కాలనీ నుంచో ఫ్రెండ్ ఒకడు గ్వాంగ్‌ఝౌలోనో షాంఘైలోనో ఉన్న మీ ఫ్లాట్‌కి వస్తానంటే, మనవాళ్లకి మొదట గుర్తొచ్చేది పరుపు, పప్పు. అవి ఎలాగోలా సర్దుకుంటాయి. సర్దుకోనివి కాగితాలు. వాటిలో చాలావరకు తెచ్చిపెట్టాల్సింది మీరే.

వీసాతో మొదలు. చైనాలో 240 గంటలు వీసా లేకుండా ఉండొచ్చని వీడియోలు చూసి సంబరపడేవాళ్లున్నారు. ఆ సదుపాయం ఉన్న దేశాల్లో మనది లేదు. చూసిపోవడానికి వచ్చేవాళ్లకి ఎల్ వీసా కావాలి. దానికి రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగులు చూపాలి, లేదంటే మీరు రాసిచ్చే ఆహ్వాన పత్రం పెట్టాలి. ఇంట్లోనే దించుకునేటట్టయితే పత్రమే మేలు. అందులో వాడి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పుట్టిన తేదీ, వచ్చే తేదీ, వెళ్లే తేదీ, ఏ ఊళ్లు చూస్తాడు, మీ చిరునామా, ఫోన్, సంతకం కూడా ఉండాలి. మీ పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కాపీలు జతచేయండి.

విశాఖ నుంచి నేరుగా విమానం లేదు. 2025 అక్టోబర్‌లో కోల్‌కతా–గ్వాంగ్‌ఝౌ విమానం మళ్లీ మొదలైంది కాబట్టి ఆ దారి సుళువు. సింగపూర్ మీదుగా వస్తే మాత్రం మొత్తం ఒకే టికెట్‌గా కొనమనండి. చౌక అని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు. అందుకు బయటికి రావాలి, బయటికి రావాలంటే అక్కడి వీసా కావాలి.

ఇక అసలు పని. హోటల్లో దిగితే పోలీసులకు వివరాలు హోటలే పంపుతుంది. ఇంట్లో దిగితే 24 గంటల్లో స్టేషన్‌లో నమోదు చేయించాలి. 2013 జులై నుంచి అమల్లో ఉన్న చట్టం ఈ బాధ్యతని వచ్చినవాడి మీద, లేదా ఉంచుకున్నవాళ్ల మీద పెట్టింది. తప్పితే హెచ్చరిక, దాంతోపాటు 2,000 యువాన్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు. మ్యాప్‌లో దగ్గరగా కనిపించే స్టేషన్‌కి పరిగెత్తకండి, మీ బిల్డింగ్ ఎవరి పరిధిలో ఉందో అక్కడికే వెళ్లాలి. గేటు దగ్గర సెక్యూరిటీని అడిగితే చెప్తాడు. కొన్ని నగరాల్లో ఇదంతా ఫోన్లోనే అయిపోతుంది.

పట్టుకెళ్లాల్సినవి: వాడి అసలు పాస్‌పోర్ట్, ఫొటో పేజీ, వీసా పేజీ, ఎంట్రీ ముద్ర ఉన్న పేజీల కాపీలు, మీ పాస్‌పోర్ట్, అద్దె ఒప్పందం, ఓనర్ ఐడీ కాపీ లేదా ఇంటి పత్రం కాపీ. పని ఆగేది సాధారణంగా ఈ చివరి దాని దగ్గరే. అద్దె లెక్క పన్నువాళ్లకి తెలుస్తుందని కొందరు ఓనర్లు కాపీ ఇవ్వడానికి నసుగుతారు. అందుకే వీసా రాగానే అడిగి తీసిపెట్టుకోండి, ఫ్లైట్ దిగాక అడిగితే ఆ 24 గంటలూ బతిమాలడంతోనే అయిపోతాయి.

స్లిప్ చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. మనవాళ్ల పేర్లు పొడుగు. పాస్‌పోర్ట్ అడుగున మెషీన్ చదివే వరుసలో పేరుకి 39 అక్షరాల చోటే ఉంటుంది. ఇంటిపేరు, అసలు పేరు, తోకపేరు అన్నీ విప్పి రాసినవాళ్లకి చివర తెగిపోవచ్చు. పేరు, పాస్‌పోర్ట్ నంబర్, మీ ఫ్లాట్ నంబర్ మూడూ సరిచూసుకోండి. మధ్యలో బీజింగ్ వెళ్లి హోటల్లో ఉండి మళ్లీ మీ ఇంటికొస్తే, 24 గంటల లెక్క మళ్లీ మొదలవుతుంది. సందేహం వస్తే ఇక్కడి ఇమిగ్రేషన్ హెల్ప్‌లైన్ 12367కి ఫోన్ చేయండి, ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడతారు. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్న మన ఎంబీబీఎస్ పిల్లలు ఈ గొడవ పెట్టుకోకుండా, దగ్గర్లో హోటల్ తీసివ్వడమే మంచిది.

డబ్బు సంగతి. ఫోన్‌పే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇక్కడ చెల్లింపులకి వాడే అలీపే, వీచాట్ యాప్‌లు రెండూ మన దేశంలో 2020 నుంచి నిషేధం కాబట్టి, ఇక్కడికి వచ్చాక వేసుకుని, పాస్‌పోర్ట్‌తో వెరిఫై చేసి, వీసా లేదా మాస్టర్ కార్డు కలపమనండి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరవాలి. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కనుక రోమింగ్ ఉండి తీరాలి. 200 యువాన్లు దాటిన ఒక్కో చెల్లింపుకీ 3 శాతం రుసుము పడుతుంది. 180, 190 బిల్లులకి ఆ బాధ లేదు.

రోమింగ్ వల్ల ఇంకో లాభం. ఆ డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా తిరిగొస్తుంది కాబట్టి వాట్సాప్, గూగుల్ పనిచేస్తాయి. ఇక్కడి నెట్‌లో వాటిని నిరోధించారు కాబట్టి మీ ఇంటి వైఫైకి కలపగానే ఆగిపోతాయి. అమ్మకి వీడియో కాల్ చేసే వేళకి వైఫై తీసేయమనండి.

సామాన్లలో చికెన్, మటన్ పచ్చళ్లు వద్దు, మాంసం నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా అంతే. గసగసాల పొట్లం అసలే వద్దు, వంటలో వాటి మీద ఇక్కడ చట్టం కఠినం. కరివేపాకు పొడి, కందిపొడి, చింతపండు తేవచ్చు. శాకాహారి అయితే బయట జాగ్రత్త. మాంసం ముక్కలు తీసేసి ఎముకల రసం అలాగే పోస్తారు, మాపో టోఫూ అనే కూరలో కూడా కీమా ఉంటుంది. బౌద్ధ శాకాహార హోటళ్లు వెతకండి, వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. దుకాణంలో పెరుగు ఎక్కువగా తీపిదే. చక్కెర లేని రకం ఒక కప్పు కొని, గోరువెచ్చటి అర లీటరు పాలలో చెంచాడు వేసి తోడుపెట్టుకోండి.

పవర్ బ్యాంకు విశాఖలోనే వదిలేయమనండి. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేనివి ఎక్కనివ్వరు. ఇక్కడ షాపుల్లో అద్దెకి దొరుకుతాయి. రైలు టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. ఇక్కడి రైల్వే టికెట్ల యాప్ 12306లో పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి సమయం పడుతుంది, అదీ బయల్దేరే ముందే చేసుకోవాలి. మన దసరా సెలవులు చాలా ఏళ్లు అక్టోబర్ 1 నుంచి 7 దాకా ఉండే ఇక్కడి జాతీయ సెలవులతో కలిసిపోతాయి. ఆ వారం రైల్లో సీటూ దొరకదు, మహాకుడ్యం మీద అడుగు పెట్టే చోటూ ఉండదు. సెలవు ఎలా దొరికినా సరే, అక్టోబర్ రెండో వారం తర్వాతే రమ్మనండి.